నువ్వెవరివని ఆట ఎప్పుడు అడగాలి?

2002లో వచ్చిన మారోవిండ్ ఆటలో మనం ఖైదీగా ఓడ దిగుతాం. ఊరు సెయ్డా నీన్, చిత్తడి నేలలో నాలుగు కొంపలున్న రేవు. కావలివాడు నేరుగా సర్కారు కచేరీకి తోలుకెళ్తాడు. లోపల కాగితాలు ముందేసుకుని సోక్యూషియస్ ఎర్గల్లా అనే ముసలి అధికారి ఉంటాడు. విడుదల పత్రం రాయాలంటే ఆయనకు మన వృత్తి తెలియాలి. చెప్పడానికి మూడు దారులు. ఆయన అడిగే పది ప్రశ్నలకు జవాబులిస్తే వృత్తి ఏదో ఆయనే తేలుస్తాడు. లేదంటే తయారుగా ఉన్న 21 క్లాసుల్లోంచి ఒకటి ఏరుకోవచ్చు. అదీ కాదంటే స్కిల్స్ మనమే ఎంచుకుని, పేరు పెట్టి, నాలుగు వాక్యాల వర్ణన కూడా రాసి సొంత క్లాసు కట్టుకోవచ్చు.

తొమ్మిదేళ్ల తర్వాత, 2011 నవంబరులో, అదే ఎల్డర్ స్క్రోల్స్ వరసలో స్కైరిమ్ వచ్చింది. అందులోనూ మనం ఖైదీలమే. చేతులు కట్టి బండి మీద తల నరికే చోటికి తీసుకెళ్తారు. జాబితాలో లేని మనిషిని చూసి సైనికుడు నువ్వెవరివని అడుగుతాడు. జాతి, ముఖం, పేరు చెబితే సరిపోతుంది. వృత్తి ఊసే ఎత్తడు. కాసేపటికి డ్రాగన్ దిగుతుంది, మనం తప్పించుకుంటాం. ఆ తర్వాత వంద గంటలు ఆడినా, ఏం పని చేస్తావని ఆట మనల్ని ఒక్కసారి కూడా అడగదు.

ఈ రెండు ఆటల మధ్య ఏం జరిగింది? ఎక్కడికైనా వెళ్లనిచ్చే, ఏదైనా చెయ్యనిచ్చే ఆటలో పాత్రకు క్లాసు అవసరమా? అవసరమైతే దాన్ని ఎవరు, ఎప్పుడు, దేనితో నిర్వచించాలి? ఆటలు తయారుచేసేవాళ్లూ ఆడేవాళ్లూ యాభై ఏళ్లుగా దీని మీద తగువులాడుకుంటూనే ఉన్నారు. స్కైరిమ్‌తో తగువు తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. నాకలా అనిపించదు. అక్కడ దోషం క్లాసులో లేదు, క్లాసుకు ముడిపెట్టిన లెక్కల్లో ఉంది. ముడి విప్పడం కుదరక క్లాసునే కోసి పారేశారు.

మొదట్లో ఈ చిక్కు లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆట అచ్చువేసినప్పుడు ఉన్న క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మరుసటి ఏడాది గ్రేహాక్ అనుబంధంలో దొంగ చేరాడు. అతను చేరీచేరగానే ఇంకో తగువు మొదలైంది. అంతకుముందు ఎవరైనా చప్పుడు చెయ్యకుండా నడుస్తానంటే ఆట నడిపేవాడు తన విచక్షణతో ఒప్పుకునేవాడు. ఇప్పుడు అది దొంగ సొత్తయింది, మిగతావాళ్లు చెయ్యొచ్చా లేదా అన్న పేచీ ఇప్పటికీ తెగలేదు. పేచీలు ఎన్నున్నా క్లాసు అక్కడ అర్థవంతంగానే ఉండేది, ఎందుకంటే బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చునేవారు. నువ్వు పూజారివంటే పక్కవాడి గాయం మాన్పాల్సింది నువ్వేనని లెక్క. మిగతావాళ్లకు నీతో ఏం పనో అదే నీ క్లాసు. 1981 నాటి విజర్డ్రీ కంప్యూటర్ మీద ఆరుగురి జట్టును నడిపించింది కాబట్టి అక్కడా ఆ అర్థం చెల్లింది.

జట్టు పోయి ఒంటరి మనిషి మిగిలినప్పుడే చిక్కొచ్చింది. విశాలమైన దేశం, వందల గుహలు, ఆడేది ఒక్కడే. తాళం తియ్యాల్సిందీ కత్తి తిప్పాల్సిందీ వాడే, శాపం తగిలితే వదిలించుకోవాల్సిందీ వాడే. అప్పుడు క్లాసు ఎవరికోసం? ఎల్డర్ స్క్రోల్స్ చరిత్ర అంతా ఈ ప్రశ్నకు వెతికిన జవాబే. ఇదే లోకాన్ని 2014లో ఆన్‌లైన్ ఆటగా మార్చి వేలమందిని ఒకచోట చేర్చగానే క్లాసు మళ్లీ ప్రత్యక్షమైంది. డ్రాగన్‌నైట్, సోర్సరర్, నైట్‌బ్లేడ్, టెంప్లర్ అని మొదట నాలుగు. పక్కన మనుషులుంటే క్లాసు దానంతటదే పుట్టుకొస్తుందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అక్కడ కూడా ఒక క్లాసు విద్యల్ని ఇంకో క్లాసుతో కలుపుకోనిచ్చే ఏర్పాటు 2025లో వచ్చిందనుకోండి.

జట్టుతో పనిలేకుండా క్లాసుకు కొత్త అర్థం చెప్పినవాడు రిచర్డ్ గారియట్. 1985లో వచ్చిన అల్టిమా 4లో స్కిల్స్ పట్టికలేవీ చూపించకుండా ఒక సోదె చెప్పే స్త్రీ ముందు కూర్చోబెడతాడు. ఆమె ధర్మసంకటాలు పెడుతుంది, ప్రతిదాంట్లో ఒక సద్గుణం ఇంకో సద్గుణంతో పోటీ పడుతుంది. నిజాయితీ నెగ్గితే మాంత్రికుడివి, శౌర్యం నెగ్గితే యోధుడివి, అణకువ నెగ్గితే గొర్రెలకాపరివి. ఈ గొర్రెలకాపరి బలహీనుడు, మంత్రం రాదు, ఆయుధాలూ అంతంతమాత్రం. అణకువను ఎంచుకున్నవాడికి అణగిమణగి ఉండే ఆటే దొరకడం నాకు భలే నచ్చుతుంది. ఇలా ప్రశ్నలడిగి క్లాసు తేల్చే పద్ధతి 1994లో ఎల్డర్ స్క్రోల్స్ మొదటి ఆట అరీనాలోనూ కనిపిస్తుంది. అయితే సద్గుణాల ఊసు పోయి, ఉన్న 18 క్లాసుల్లో ఒకటి అంటగట్టే పరీక్షగా మిగిలింది.

బల్ల మీది ఆటల్లో ఇంకో పాయ అప్పటికే మొదలైంది. 1978 నాటి రూన్‌క్వెస్ట్ క్లాసుల్నే తీసేసి, వాడిన విద్యే పెరుగుతుందంది. 1986లో స్టీవ్ జాక్సన్ తెచ్చిన గర్ప్స్ ఎవరి పాత్రను వాళ్లే పాయింట్లతో కొనుక్కోమంది. పాయింట్లు చాలకపోతే ఏదో ఒక లోపం తగిలించుకుంటే మరికొన్ని దొరుకుతాయి. ఈ రెండు ఆలోచనలూ ఒకే ఆటలో గుమికూడింది 1996లో, డాగర్‌ఫాల్‌లో.

డాగర్‌ఫాల్ క్లాసు తయారీ పేజీ ముందు గంటలు గడిపినవాళ్లున్నారు. తప్పేం కాదు, అదే ఒక ఆట. 35 స్కిల్స్‌లోంచి మూడు ప్రైమరీ, మూడు మేజర్, ఆరు మైనర్ ఏరుకోవాలి. లెవెల్‌కు ఎంత ప్రాణం పెరగాలో మనమే చెప్పాలి. ఆపైన వరాలూ శాపాలూ. మంత్రశక్తి బుద్ధికి మూడింతలు కావాలా? తీసుకో. గాయాలు తొందరగా మానాలా? సరే. కోరిన కొద్దీ పేజీలో బాకు గుర్తు పైకి పాకుతుంది. అది పైకి వెళ్లినకొద్దీ పాత్ర ఎదిగే వేగం తగ్గుతుంది. కిందికి దించాలంటే శాపాలు తగిలించుకోవాలి. ఎండ తగిలితే ఒళ్లు కాలడం, గుడిలో అడుగుపెడితే బాధ, ఫలానా లోహంతో చేసిన ఆయుధం ముట్టకూడదు, ఫలానా కవచం తొడగకూడదు. ఇవేవీ చాలనట్టు వర్తకులు, రైతులు, పండితులు, ప్రభువులు, చీకటి బజారు మనుషులు, ఈ ఐదు వర్గాల్లో మన పరపతి ఎంతో కూడా అక్కడే దిద్దుకోవచ్చు. ఒకరి దగ్గర పెంచుకుంటే ఇంకొకరి దగ్గర తగ్గించుకోక తప్పదు.

క్లాసు అంటే ఏం చేతకాదో కూడా చెప్పాలని ఇంత గట్టిగా అన్న ఆట ఇంకొకటి లేదు. పరపతిని కూడా క్లాసులో భాగం చెయ్యడం ఎవరూ కొనసాగించని గొప్ప ఆలోచన. కాకపోతే కన్నాలు కూడా పెద్దవే. హై ఎల్ఫ్ జాతికి పక్షవాతపు మంత్రం అంటదు. ఆ జాతిని ఎంచుకున్నవాడు పక్షవాతానికి ఘోరమైన బలహీనత ఉందని రాసుకుంటే శాపం కింద పాయింట్లు వస్తాయి, నష్టం మాత్రం సున్నా. 35 స్కిల్స్‌లో తొమ్మిది రాక్షసుల భాషలు. ఓర్కుల భాష, రాకాసుల భాష, అప్సరసలాంటి నింఫ్‌ల భాష. పేరుకు ఎంత రసవత్తరమో వాడకంలో అంత దండగ. భాష వస్తే ఆ జీవి మీద పడకుండా ఊరుకునే అవకాశం ఉంటుంది, అంతకుమించి మాటామంతీ లేదు. పండితుడి క్లాసు కట్టుకుని నేలమాళిగలోకి దిగినవాడి గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మారోవిండ్ ఈ గందరగోళాన్ని కుదించింది. స్కిల్స్ 27. ఐదు మేజర్, ఐదు మైనర్, మిగతా 17 ఇతరత్రా. మేజర్ 30 దగ్గర, మైనర్ 15 దగ్గర, మిగతావి 5 దగ్గర మొదలవుతాయి. పోరాటం, మంత్రం, చాటుమాటు పని, ఈ మూడింట్లో ఒకదాన్ని ప్రత్యేకతగా ఎంచుకుంటే దాని కిందున్న తొమ్మిదికీ మరో 5 కలుస్తుంది. జాతిని బట్టి వచ్చేవి వేరే.

ఒక క్లాసు కట్టి చూద్దాం. పేరు నాటువైద్యుడు, జాతి బ్రెటన్, ప్రత్యేకత మంత్రం. మేజర్ స్కిల్స్‌లో ఆల్కెమీ, రిస్టోరేషన్, మాటకారితనం, బేరమాడటం, చేతికర్ర కోసం బ్లంట్ వెపన్. మైనర్‌లో ఇల్యూజన్, మిస్టిసిజం, అథ్లెటిక్స్, కవచం లేకుండా తిరిగే అన్‌ఆర్మర్డ్, తాళాలు తీసే సెక్యూరిటీ. లెక్క కడితే రిస్టోరేషన్ 30కి ప్రత్యేకత 5, జాతి 10 కలిసి 45. ఆల్కెమీ 40. కత్తి తిప్పే స్కిల్ మాత్రం 5. ఈ 5 అంటే ఏమిటో ఊరు దాటగానే తెలుస్తుంది. మారోవిండ్‌లో కత్తి ఎదుటివాడి ఒంటికి తాకినట్టు కనిపించినంత మాత్రాన తగిలినట్టు కాదు. స్కిల్, చురుకుదనం, అదృష్టం, మిగిలి ఉన్న ఓపిక కలిపి లోపల పాచిక పడుతుంది. స్కిల్ 50 ఉన్న రెడ్‌గార్డ్ యోధుడికి ఓపిక నిండా ఉంటే నాలుగు దెబ్బల్లో మూడు తగులుతాయి. మన వైద్యుడు కత్తి పట్టుకుంటే ఐదింట ఒకటి తగిలితే గొప్ప. ఏటి ఒడ్డున ఎండ్రకాయ కూడా లెక్కచెయ్యదు.

కొత్తగా ఆడేవాళ్లు దీన్నే తిట్టుకుంటారు. కళ్లముందు తగిలిన దెబ్బ తగల్లేదంటే కోపం రాదా అని. వాళ్లన్నదీ నిజమే, కానీ క్లాసు ఒంటికి తెలియడమంటే ఇదే. కత్తి చేతగానివాడికి కత్తి చేతగాదు. అందుకని వైద్యుడు వేరే దారి వెతుక్కుంటాడు. మీదికొచ్చిన మనిషిని శాంతపరిచే ఇల్యూజన్ మంత్రం వేస్తాడు, దారి పక్క పుట్టగొడుగులు ఏరి మందులు నూరి అమ్ముతాడు, ఆ డబ్బుతో గురువుల దగ్గర నేర్చుకుంటాడు. పది మేజర్, మైనర్ పెరుగుదలలకు ఒక లెవెల్. కొన్నాళ్లకు ఊళ్లో అందరికన్నా బలవంతుడు కూడా అతనే అవుతాడు, ఎందుకంటే ఆటలో ఒక పెద్ద కన్నం ఉంది. బుద్ధి పెంచే మందు తాగి ఇంకో మందు చేస్తే అది ఇంకా బలంగా వస్తుంది. అది తాగి మరొకటి. ఇలా పోతే అంతూపొంతూ ఉండదు. అన్‌ఆర్మర్డ్‌ది ఇంకో తంటా. ఒంటి మీద ఒక్క కవచపు ముక్కయినా లేకపోతే ఆ స్కిల్ పనిచెయ్యని లోపం ఆటలో అలాగే ఉండిపోయింది. అంచేత కవచం వద్దనుకున్నవాడు స్కిల్ కోసం ఒక చేతికి తొడుగు వేసుకుని తిరుగుతాడు.

లోకం ఆ క్లాసును పట్టించుకోవడం ఇంకా ముఖ్యం. మారోవిండ్‌లో మంత్రగాళ్ల సంఘంలో పై హోదా కావాలంటే ఆ సంఘం మెచ్చే స్కిల్స్ నిజంగా ఉండాలి. ఆల్కెమీయో డిస్ట్రక్షనో ఇంత, బుద్ధీ మనోబలం ఇంత అని ప్రతి మెట్టుకూ లెక్క రాసి ఉంటుంది. కర్ర పట్టుకు తిరిగే మన వైద్యుడు అక్కడ ఎక్కగలడు. యోధుల సంఘంలో మాత్రం కొన్ని మెట్లు ఎక్కగానే ఇక చాలు పొమ్మంటారు. హ్లాలు, రెడోరాన్, టెల్వానీ అనే మూడు పెద్ద వంశాల్లో ఒకదానిలో చేరితే మిగతా రెండూ మూసుకుపోతాయి. దారిన పోయేవాణ్ని అడిగినా తన వృత్తి ఏమిటో చెబుతాడు, కమ్మరో వర్తకుడో చేపలు పట్టేవాడో. అందరికీ ఒక పని ఉన్న లోకంలో మన పని ఏమిటని ఆ కచేరీలో అడగడం సబబుగానే ఉంటుంది.

చిక్కల్లా లెవెల్ లెక్కలతో వచ్చింది. 2006లో అబ్లివియన్ దాన్ని భరించలేనంత దూరం తీసుకెళ్లింది. మొదట్లో ఆట తెలివిగానే నడిచింది. క్లాసు అడగడం వాయిదా వేసి, ముందు చెరసాల కింది సొరంగాల్లో కాసేపు తిరగనిస్తుంది. అక్కడ కత్తి ఎక్కువ వాడావా, విల్లా, మంత్రమా అని గమనించి బౌరస్ అనే అంగరక్షకుడు ఒక క్లాసు సూచిస్తాడు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. సొరంగం చివరి తలుపు దగ్గర అన్నీ మళ్లీ దిద్దుకునే అవకాశమూ ఇస్తుంది. పదో తరగతి గట్టెక్కిన పిల్లాణ్ని ఎంపీసీనా బైపీసీనా అని నిలదీసినట్టుండే పాత పద్ధతి కన్నా ఇది ఎంతో నయం. బౌరస్ లాంటి ఏర్పాటును తర్వాతి ఆటలు అందుకోకపోవడం నాకు అంతుపట్టని విషయం.

ఆ తలుపు దాటాక మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. అబ్లివియన్‌లో 21 స్కిల్స్, అందులో ఏడు మేజర్. మేజర్లు కలిసి పది పెరిగితే ఒక లెవెల్. లెవెల్ పెరిగినప్పుడు బుద్ధి, మనోబలం లాంటి గుణాల్లో మూడింటిని పెంచుకోవచ్చు. ఆ లెవెల్‌లో ఆ గుణం కిందున్న స్కిల్స్ ఎన్నిసార్లు పెరిగాయన్నదాన్ని బట్టి ఎంత పెంచుకోవచ్చో తేలుతుంది. ఒకటి నుంచి నాలుగైతే 2, ఐదు నుంచి ఏడైతే 3, ఎనిమిదీ తొమ్మిదికి 4, పదికి చేరితే 5. మూడు గుణాలూ 5 చొప్పున కావాలంటే ఒక్క లెవెల్‌లో 30 పెరుగుదలలు కావాలి. మేజర్లు పది పెరగ్గానే లెవెల్ అయిపోతుంది. కాబట్టి మిగతా 20 మైనర్ల నుంచే రావాలి. పైగా ఎండ్యూరెన్స్ ఆలస్యంగా పెంచితే అంతకుముందు లెవెల్స్‌లో పోగొట్టుకున్న ప్రాణం తిరిగిరాదు.

దీనికి తోడు మన లెవెల్ పెరిగితే లోకమంతా పెరుగుతుంది. మొదట తోలు కవచాలతో తిరిగిన దారిదోపిడీగాళ్లు కొన్నాళ్లకు గాజు కవచాలు తొడుక్కొస్తారు. ఆ ఒక్క కవచం అమ్మితే జీవితాంతం కూర్చుని తినొచ్చు. వాడేమో దాన్ని వేసుకుని రోడ్డు మీద నిలబడి వంద బంగారు నాణేలివ్వమంటాడు. ఇలాంటి లోకంలో పడి మంత్రమో మాటకారితనమో పెంచుకుంటూ పోయినవాడు లెవెల్ పెరిగినకొద్దీ బలహీనుడవుతాడు. అందుకే అనుభవజ్ఞులు చెప్పే కిటుకు ఇలా తయారైంది: ఎక్కువ వాడబోయే స్కిల్‌ను మేజర్‌గా పెట్టొద్దు, వాడనివాటిని పెట్టు. అప్పుడు లెవెల్ ఎప్పుడు పెరగాలో మన చేతిలో ఉంటుంది. జనం పక్కన నోట్‌బుక్ పెట్టుకుని గీతలు గీసుకుంటూ ఆడారు. కత్తి వీరుడిగా ఆడేవాడి క్లాసులో కత్తి లేదు, మంత్రం మానేసినవాడి క్లాసు నిండా మంత్రాలే.

క్లాసు అనేది నువ్వెవరివో చెప్పే మాట. అబ్లివియన్ దాన్ని నువ్వెవరివి కాదో దాచుకునే అరగా మార్చేసింది. దీనికి క్లాసును నిందించడం అన్యాయం. లెవెల్ వేగం, గుణాల బోనసు, శత్రువుల బలం, ఈ మూడింటినీ తెచ్చి దాని మెడకు కట్టారు. ఏ ఒక్కటి విప్పినా నిలబడేది.

స్కైరిమ్ తయారుచేసినవాళ్లు వేరే మందు ఎంచుకున్నారు. ఆట అంటే ఏమిటో తెలియకముందే క్లాసు ఎంచుకోమంటే కొన్ని గంటలకే మనసు మారి మళ్లీ మొదటికెళ్తున్నారన్నది వాళ్ల వాదన. అందులో నిజముంది. ఎనిమిది గుణాల స్థానంలో ప్రాణం, మంత్రశక్తి, దమ్ము అనే మూడే మిగిల్చారు. స్కిల్స్ 18కి దిగాయి. ఏది వాడితే అది పెరుగుతుంది, ఏది పెరిగినా లెవెల్ పెరుగుతుంది. లెవెల్‌కు ఒక పెర్క్, అంటే ఏదో ఒక స్కిల్‌లో ఒక అదనపు వరం. మొదట్లో రివర్‌వుడ్‌కు వెళ్లే దారి పక్క యోధుడు, మాంత్రికుడు, దొంగ అని మూడు రాళ్లుంటాయి, ముట్టుకుంటే ఆ కోవ స్కిల్స్ 20 శాతం తొందరగా పెరుగుతాయి. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. క్లాసుకు మిగిలిన ఆనవాలు ఆ మూడు రాళ్లే.

నిజానికి ఒకటి చాటుగా మిగిలింది. ఆట వచ్చినప్పుడు అన్ని స్కిల్స్ 100కు తెచ్చినా 80 లెవెల్ చుట్టుపక్కల ఆగేది. పెర్కులేమో మొత్తం 251. అంటే మూడో వంతుకు కాస్త తక్కువే మనకు దక్కుతుంది. దేన్ని వదులుకున్నామో అదే మన క్లాసన్నమాట. 2013లో వచ్చిన 1.9 ప్యాచ్ ఆ హద్దు కూడా ఎత్తేసింది. 100కు చేరిన స్కిల్‌ను మళ్లీ కిందికి దించి పెంచుకోవచ్చు, ఓపికుంటే 252వ లెవెల్‌కు పెర్కులన్నీ మనవే.

హద్దులు పోతే ఏమవుతుందో ప్రపంచమంతా చూసి నవ్వుకుంది. యోధుడిగా మొదలైనవాడూ మంత్రగాడిగా మొదలైనవాడూ చివరికి చీకట్లో గొంతుక్కూర్చుని విల్లు ఎక్కుపెట్టేవాడే అవుతాడు. స్టెల్త్ ఆర్చర్ జోకు స్కైరిమ్ ఆడినవాళ్లకు కొత్త కాదు. అది సోమరితనమేమీ కాదు. దాక్కుని వేసే బాణానికి రెండింతల దెబ్బ, ఒక పెర్క్ తీసుకుంటే మూడింతలు. శత్రువు దగ్గరికి వచ్చేలోపే చస్తాడు, మన ప్రాణానికి ముప్పు లేదు. అన్ని దారులూ తెరిచి ఉంటే నీళ్లు పల్లానికే పోతాయి. మరోపక్క ఇంటిపట్టున కూర్చుని ఇనుప బాకులు సాగగొట్టి, మందులు నూరి లెవెల్ పెంచుకున్న శాంతమూర్తి బయట కాలుపెడితే, ఆ లెవెల్‌కు తగ్గ శత్రువులే ఎదురొచ్చి చావబాదుతారు. అబ్లివియన్ ముడి మొత్తం విడలేదన్నమాట. లోకం కూడా మన వృత్తిని పట్టించుకోవడం మానేసింది. వింటర్‌హోల్డ్ మంత్రవిద్యాలయంలో చేరి, మంత్రాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని వేసి, గొడ్డలితోనే పనులన్నీ చక్కబెట్టుకుని, చివరికి ప్రధానాచార్యుడు కావచ్చు. ఎవరూ అదేమిటని అడగరు.

అడగమని ఆడేవాళ్లే కోరారు. స్కైరిమ్‌కు ఆడేవాళ్లే తయారుచేసి చేర్చుకున్న మోడ్‌లలో ఆల్టర్నేట్ స్టార్ట్ చాలా పేరున్నది. అది చేసే పని ఒక్కటే. బండిని, తల నరికే బండను పక్కనబెట్టి, ఒక చెరసాల గదిలో మారా దేవత విగ్రహం ముందు నిలబెట్టి ఎలాంటి బతుకు కావాలో చెప్పమంటుంది. మారోవిండ్ కచేరీలో అడిగిన ప్రశ్నను జనమే తవ్వి మళ్లీ తెచ్చుకున్నారు.

ఈ ప్రశ్నను చాలా ముందే వేరే దారిలో తేల్చినవాళ్లు జర్మన్లు. పిరానా బైట్స్ 2001లో తెచ్చిన గోథిక్‌లో ఏ క్లాసూ లేని అనామకుడిగా ఖైదీల లోయలో పడతాం. కత్తి పట్టుకోవడం కూడా రాదు. అక్షరాలా రాదు. ఒంటిచేతి కత్తిని రెండు చేతులతో పట్టుకుని మోటుగా ఊపుతాడు. గురువు దగ్గర నేర్చుకున్నాక ఆ పట్టే మారిపోతుంది, ఊపులో నదురు వస్తుంది. అంకెలు చూడకుండానే మనిషి ఎదిగాడని తెలుస్తుంది. లోయలో మూడు శిబిరాలు. కొన్నాళ్లు తిరిగి, మనుషుల్ని చూసి, తన్నులు తిని, దేనిలో చేరాలో అప్పుడు తేల్చుకుంటాం. చేరిన శిబిరాన్ని బట్టి నేర్పేవాళ్లు, తొడిగే కవచం, అందుకోగల హోదా వస్తాయి. ఇక్కడ క్లాసు పుట్టుకతో రాదు, సంఘం ఇస్తుంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోదు. బహిరంగ లోకంలో క్లాసు ఎలా ఉండాలని నన్నడిగితే మొదట చూపించేది గోథిక్‌నే.

మిగతావాళ్లు తలో దారి పట్టారు. 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో పది క్లాసులున్నా అవి ప్రారంభ సామాను మాత్రమే. రెచ్ అనేవాడికి గోచీ, దుడ్డుకర్ర, ఎనిమిది గుణాలూ పదేసి. కొన్ని పదుల లెవెల్స్ దాటాక ఎవరు ఏ క్లాసులో మొదలయ్యారో చెప్పలేం. 2023 నాటి బల్డర్స్ గేట్ 3 డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలతో 12 క్లాసులు పెట్టింది, క్లాసును బట్టి సంభాషణలో కొత్త జవాబులు ఇచ్చింది. వాటి కోసమే మళ్లీ మళ్లీ ఆడబుద్ధేస్తుంది. క్లాసు మార్చుకోవాలంటే శిబిరంలో ఉండే విదర్స్ అనే ఎముకల మనిషి వంద నాణేలకు మార్చిపెడతాడు. వంద చాలా చవక. తప్పు దిద్దుకోవడానికి దారి ఉండాల్సిందే, కానీ మతిమార్పిడికి కాస్త కష్టమైన ఖరీదు పెడితే ఆ జవాబులకు ఇంకాస్త విలువ వచ్చేది.

2025 ఏప్రిల్‌లో అబ్లివియన్ కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. క్లాసు ఉంచారు, ముడి విప్పారు. ఏ స్కిల్ పెరిగినా లెవెల్‌కు కలుస్తుంది, మేజర్లయితే ఎక్కువ కలుస్తుంది. లెవెల్‌కు 12 పాయింట్లు ఇచ్చి మూడు గుణాలకు మించకుండా పంచుకోమంటుంది. నోట్‌బుక్‌తో పనిలేదు. కత్తి వీరుడు మళ్లీ కత్తిని మేజర్‌గా పెట్టుకోగలుగుతున్నాడు. 2006లోనే చెయ్యగలిగిన మరమ్మతు ఇది. అయితే శత్రువులు మనతోపాటు ఎదగడం, సంఘాలు మన విద్యను పట్టించుకోకపోవడం మాత్రం అలాగే ఉన్నాయి.

ఎల్డర్ స్క్రోల్స్ ఆరో ఆట వస్తుందని 2018లో ప్రకటించారు. అది ఏ దారి పడుతుందో గానీ, ఈలోపు స్కైరిమ్‌తో మొదలుపెట్టే కుర్రాళ్లు ఏ క్లాసు బావుంటుందని నన్నడుగుతుంటారు. ఆట అడగదు కాబట్టి మీరే అడుక్కోండంటాను. ఏ స్కిల్స్ కావాలన్నది తర్వాత, ముందు ఏది ముట్టనో రాసుకోండి. డాగర్‌ఫాల్ బాకు గుర్తు నేర్పింది అదే. విల్లు ముట్టను అని ఒక్క ముక్క రాసుకుంటే చాలు, స్టెల్త్ ఆర్చర్ గండం గడిచినట్టే. పెర్కులు ఐదారు స్కిల్స్‌లోనే పెడతానని ఇంకో ముక్క. ఏ సంఘంలో చేరనో మూడోది. మొదటి కొన్ని గంటలు మాత్రం ఏమీ రాయకుండా తిరగండి, బౌరస్ ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటు మీకు మీరే ఇచ్చుకోండి.

నాటువైద్యుణ్ని నేను స్కైరిమ్‌లోనూ ఆడించాను. రిస్టోరేషన్, ఆల్కెమీ, స్పీచ్, ఇల్యూజన్ తప్ప పెర్కులు లేవు. కత్తి, విల్లు, అగ్గి మంత్రం నిషేధం. వింటర్‌హోల్డ్‌లో రిస్టోరేషన్ చెప్పే కొలెట్ మారెన్స్, తన విద్యను తోటి ఆచార్యులు చిన్నచూపు చూస్తారని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోతుంది. ఆమె బాధ నా పాత్రకు బాగా అర్థమైంది. మొదటి డ్రాగన్‌ను వైట్‌రన్ కావలివాళ్లే బాణాలేసి చంపారు, నేను గాయపడ్డవాళ్ల వెనక పరిగెత్తాను. దానికి ఆ ఊరి పాలకుడైన జార్ల్ బహుమానంగా లిడియా అనే అంగరక్షకురాలిని నా వెంట పంపాడు. ఆ తర్వాత గుహల్లో ఆమె ముందు, నేను వెనక. ఆమె కొడుతుంది, నేను హీలింగ్ హ్యాండ్స్ మంత్రంతో ఆమె ప్రాణం నిలుపుతాను. మంత్రశక్తి అయిపోతే ఇద్దరం పారిపోతాం.